ఖాళీ పెట్టెలు

“సున్నా కాదు సార్, ఒకటి!” అంది రత్నమాల.

సూపర్‌వైజర్ చెన్నకేశవులు తల పట్టుకున్నాడు. కడప నుంచి వచ్చి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే ఈ తంటా.

మాదాపూర్‌లో అద్దాల మేడ లేచిన ఏడాదే కొత్తగూడలో ఆ చిన్న డేటా ఆఫీసు కూడా వెలసింది. ఊళ్లో డిగ్రీ ఉన్న ఆడవాళ్లు ఇద్దరు దొరికితే ఇద్దరినీ తీసుకున్నారు. పని ఏదో విదేశీ యూనివర్సిటీది. పాత పగలున్న దేశాలు ఒకదాన్నొకటి ఎంతవరకు గుర్తించాయో ఏడాదికో అంకె వేయాలి. సంబంధమే లేకపోతే సున్నా, మధ్యవర్తి ద్వారా ఉంటే ఒకటి, ఆఫీసు తెరిస్తే రెండు, రాయబారిని పంపితే మూడు. పక్షపాతం రాకుండా దేశాల పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు. ఆపరేటర్లిద్దరూ ఒకే ఫైలుకు చెరో గదిలో కూర్చుని అంకెలు వేయాలి, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. తేడా వస్తే చీటీలు రాసుకోవాలి. వాటిని మోయడం చెన్నకేశవులు వంతు. పెళ్లి సంబంధాలకు కూడా ఇన్నిసార్లు తిరగలేదని అతని గొణుగుడు.

ఈసారి తేడా ఒక్క గడిలోనే. నలభై రెండో దేశంలో భూకంపం వచ్చిన ఏడాది, నలభై ఒకటో దేశం మధ్యవర్తి చేత మందుల పెట్టెలు పంపింది. నలభై రెండోది మందులు తీసుకుని పెట్టెలు ఖాళీగా తిప్పి పంపింది. ఉత్తరం ముక్కైనా లేదు. అయిదింటిలోగా ఇద్దరూ ఒప్పుకోకపోతే అక్కడ సున్నా పడుతుంది. పడకూడదని రత్నమాల ప్రాణం కొట్టుకుంటోంది. ముప్పై ఏళ్ల పగలో ఆ ఒక్క ఏడాదైనా మిగలాలని ఆమె ఆశ.

“అవతలి గది మేడమ్ ఏం రాసినారో చూడండి” అంటూ చీటీ ఇచ్చాడు.

‘ఇచ్చిన గిన్నెను ఎవరన్న ఖాళీగ తిరిగిస్తరా? మొఖం మీద కొట్టినట్టే. సున్నా.’

రత్నమాల గబగబా రాసింది. ‘వద్దనుకుంటే మందులే తీసుకోకపోదురు. మళ్ల నింపి పంపుతరని వాపస్ ఇచ్చిండ్రు.’

చెన్నకేశవులు వెళ్లి మరో చీటీతో వచ్చాడు.

‘మరి ఒక్క మాట ఎందుకు రాయలే?’

రత్నమాల రెండు ముక్కలు రాసి కొట్టేసింది. చివరికి రాసింది. ‘సిగ్గుపడ్డరు. తప్పు తమదేనని ఎరుకే.’

“సిగ్గుపడినట్టు ఫైల్లో యాడుంది మేడమ్?”

“లేదు సార్. జర గట్లనే ఇయ్యుండ్రి.”

గోడ గడియారంలో అయిదుకు పది నిమిషాలుంది. రత్నమాల తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు. చివరికి చెన్నకేశవులు నవ్వుకుంటూ వచ్చాడు.

“చీటీ మళ్లా మళ్లా చదివినారు. ఆ తర్వాత ఒకటేసినారు.”

రత్నమాల కొంగుతో ముఖం కప్పుకుంది.

“ఎవరి దేశాలకో మీరేడుస్తారేంది! ఫైలు పంపేస్తాండా. ఇంక రూలు లేదు, పోయి ఆ మేడమ్‌తో తనివితీరా మాట్లాడుకోండి.”

రత్నమాల లేచింది గానీ అడుగు ముందుకు పడలేదు.

“ఆమె మా అక్క సార్. మాట్లాడి పన్నెండేండ్లయింది.”