కుప్పగా కొలిచిన చెంచా

“పొడి పాలా, కలిపి వచ్చే పాలా? ఏదో ఒకటి చెప్పండ్రి. ఎనక లైనున్నది,” అంది నిరోష.

తాండూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ మందుల షాపులో లైనంటే శాంతవ్వ ఒక్కతే. బీపీ గోలీల కోసం వచ్చింది. ఆమెకు తొందరేమీ లేదు. పైగా తన ముందున్న పెద్దమనిషి వ్యవహారం చూడముచ్చటగా ఉంది. ఆయన పేరు బాల్‌రాజ్. యాలాల్‌లో పదెకరాల కందిచేను ఉన్న రైతు. అంతటి మనిషీ కౌంటరు ముందు చేతులు కట్టుకుని, బళ్లో పాఠం మరిచిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

“రెంట్ల ఏది మంచిదో మీరే చెప్పాలె మేడం.”

“గంత చిన్న పిల్లను పట్టుకొని మేడమంటవేందన్నా!” శాంతవ్వ నవ్వింది. “ఇంతకు పాలెవరికి?”

“నా మనవరాలికి.” ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాడు బాల్‌రాజ్.

నిరోష కంప్యూటరు మీంచి కళ్లు తిప్పలేదు. “ఎన్ని నెలలు?”

“నాలుగు నెలల పన్నెండు రోజులు.”

“బరువు?”

“తెల్వదు.”

“తల్లి పాలిస్తలేదా?”

“ఇస్తదట. కని డ్యూటీకి పోతున్నదట. పగటీలి పాపను వాళ్లత్త చూసుకుంటదట. ఆమెకేమో చూపు సరిగ ఆనదట.”

“అన్నీ ‘అట’లేనా?” శాంతవ్వ ఊరుకోలేదు. “నువ్వు చూడలేదా పాపను?”

బాల్‌రాజ్ తల దించుకున్నాడు. “నా బిడ్డ నా మాట కాదని చర్చిల పెండ్లి చేసుకున్నదవ్వా. మల్ల నా గడప తొక్కకన్న. కోపంల అన్న. అది గట్టిగ పట్టుకున్నది. నా అసొంటిదే మరి.”

“ఏడుంటది?”

“ఈడనే, తాండూర్ల.”

“వారేవా! ఆటో ఎక్కితె ఒక ముచ్చట ఒడువకముందే వచ్చేస్తవ్ గదనే. పసిపిల్లను చూడకుండ ఇన్ని దినాలు ఎట్లున్నవయ్యా? నీ కోపం గంగల కలువ!”

“మూడుసార్లు పోయిన. గేటు కాడికి పోయి మర్లొచ్చిన. మొకం మీద తలుపేస్తదేమోనని భయం. గీ పాలు తీస్కపోతెనన్న లోపలికి రానిస్తదేమో, పాపను ఒక్కపారి ఎత్తుకోనిస్తదేమోనని ఆశ.”

నిరోష కంప్యూటరులో ఏదో నొక్కి చూసింది.

“కలిపి వచ్చే పాలకు నీళ్లు పోసే పని లేదు, కొలిచే పని లేదు. మూత తీసి తాపుడే. మా దగ్గర లెవ్వు, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. మూత తీసినంక మిగిలినయి ఫ్రిజ్జుల పెట్టాలె.”

“అయే తెప్పియ్యండ్రి. వాళ్లత్తకు కొలిచే పరేషాని ఉండది. బోరు నీళ్ల ఫికరుండది. కని వాళ్లింట్ల ఫ్రిజ్జున్నదో లేదో...”

“లేదనే అనుకోండ్రి.”

“అయితె ఫ్రిజ్జు గూడ కొంట!”

శాంతవ్వ నెత్తి కొట్టుకుంది. “రేపు బర్రెను గూడ కొనేటట్టున్నవ్!”

“ఏం వద్దు,” అంది నిరోష కటువుగా. “ఫ్రిజ్జు లేనింట్ల పొడే నయం. కాగబెట్టిన నీళ్లల్ల ఎప్పటికప్పుడు కలుపుకోవచ్చు. కని కొలత తప్పొద్దు. ఎట్ల పోస్తరో చూపియ్యండ్రి.”

ఒక గ్లూకోజు పొట్లం విప్పి గిన్నెలో పోసి, పాలడబ్బాల్లో వచ్చే చిన్న చెంచా ఆయన చేతికిచ్చింది. బాల్‌రాజ్ చెంచా ముంచి పైకి తీశాడు. పొడి దాని మీద గుట్టలా నిలిచింది. చాలదన్నట్టు ఇంకో చిటికెడు పైన వేశాడు.

“గంత కుప్పగనా?”

“మరి? కందులైనా నేను కుప్పగనే కొలుస్త. గీసి పోసుడంటె పిసినారితనం. కుప్పగ పోస్తెనే బరకతు.”

“ఇవి కందులు కావు. ఎక్కువైతె పాపకు అరగది. కడుపు గట్టిపడి దినమంత ఏడుస్తది. ప్రేమున్నదని గుమ్మరిస్తె ఎట్ల?”

బాల్‌రాజ్‌కు భయమేసింది. గబగబా చెంచా ఒంపేశాడు. నిరోష ఇచ్చిన స్కేలుతో పైపొడి గీయడానికి చూశాడు. ఊరంతటికీ కుప్పగా కొలిచిన చెయ్యి కదా, మాట వినలేదు. మొదటిసారి సగం పొడి కౌంటరు మీద పడింది. రెండోసారి మళ్లీ కుప్పే మిగిలింది. మూడోసారి ఊపిరి బిగబట్టి గీశాడు.

“గిట్లనేనా?”

“ఆఁ. గట్లనే.”

నిరోష అలమారలోంచి డబ్బా తీసి సంచిలో పెట్టింది. ఆయన సంచి అందుకున్నాడు కానీ కదలలేదు.

“మేడం, గిది ఎవరితోనన్న పంపిస్తె తీసుకుంటదంటరా?”

“తీసుకోదు.” నిరోష అటు తిరిగి గోలీల డబ్బాలు సర్దసాగింది. “మీరే తీస్కపోతె తీసుకుంటది.”

“తిడ్తదేమో.”

“తిట్టుడైతె తిడ్తది.”

“తిట్టనీ.” అన్నాడు బాల్‌రాజ్. “ఏడాదిన్నరాయె దాని మాట ఇనక. తిట్టినా సాలు నాకు.”

శాంతవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “పో అన్నా, జల్ది పో. ఈపారి గేటు కాడికెళ్లి మర్లినవంటె నా మీద ఒట్టు.”

ఆయన సంచిని గుండెకు హత్తుకుని మెట్టు దిగబోయాడు.

“ఆరింటికి నా డ్యూటీ అయిపోతది, ఆగు నాయినా, నా బిడ్డ కాడికి కలిసే పోదాం,” అంది నిరోష.