తోకలో పొత్రం

తవిటమ్మకి పాములంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు, ఆఖరికి అత్త మరిడమ్మ అన్నా భయం లేదు. ఆమెకున్నది ఒకటే భయం: మొగుడు ఆకాశంలోంచి పడి చస్తాడని.

"ముందు ఆకాశం ఎక్కనియ్యే. పడ్డం సంగతి తరవాత సూద్దాం," అన్నాడు అప్పలసూరి, విమానం రెక్క తుడుస్తూ.

గరివిడి అవతల, కోతలైపోయిన మడిలో నిలబడి ఉంది విమానం. ముక్కున పాత మిలటరీ జీపు ఇంజను, ఒంటికి వార్నీషు పట్టించిన డేరా గుడ్డ, కాళ్ళకి స్కూటరు చక్రాలు. అప్పలసూరి పెళ్ళాన్ని ఎగ్గొట్టి, ఫేక్టరీలో అతని తోటి ఫిట్టరు సీమోను చర్చి ఎగ్గొట్టి, రెండేళ్ళ ఆదివారాలు పోసి కట్టారు దాన్ని. ఇవాళ విశాఖపట్నంలో విమానాల ప్రదర్శన. పదకొండింటికల్లా అక్కడ దిగి మెడలో దండ వేయించుకోవాలని ఇద్దరికీ ఒకటే ఉబలాటం.

"రెండుసార్లు పరిగెట్టించినారు. రెండుసార్లూ తోక పైకి లేసి ముక్కు నేల దున్నినాది," అంది తవిటమ్మ, చంకలో ఏడాది పిల్లని సర్దుకుంటూ. "దున్నడానికి మనకి ఎడ్లు లేవేటి మావా?"

"బరువెక్కువై అలగయినాది. ఇప్పుడు తగ్గించీసినాం." అప్పలసూరి తలగుడ్డ విప్పాడు. లోపల నున్నటి గుండు. "జుత్తు కూడా సింహాచలంలో ఇచ్చీసినాను."

"మొక్కనుకున్నాను!"

"మొక్కూ తీరినాది, బరువూ తగ్గినాది."

సీమోను ఇంజను కిందనుంచి బయటికొచ్చాడు. "నాను మాత్రం తక్కువేటి సెల్లీ? బైబిల్లో పాత నిబంధన ఇంటికాడ ఒగ్గీసి కొత్తదొక్కటే తెచ్చినాను. సీట్ల మెత్తలు పీకీసినాం. గాల్లోకి లేసినాక ఇంకా బరువనిపిస్తే, సేతికేటి అందితే అది కిందకి ఇసిరీడమే. అదీ మా పద్ధతి."

"పర్మిషను అడిగితే ఏటి సెప్తారు?"

"గాలిపటానికి పర్మిషను ఎవుడడిగినాడు?"

"అయితే అన్నియ్యా, బరువెక్కువైతే నిజంగా లేవదా?"

"పిసరెక్కువైనా లేవదు."

తవిటమ్మ ఆ మాట పది రోజులుగా వింటోంది. అందుకే గట్టుమీద దించిన గంపలో, సద్ది మూట కింద, రుబ్బురోలు పొత్రం ఉంది.

అప్పలసూరి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముక్కు ముందు కొబ్బరికాయ కొట్టి, పైడితల్లమ్మకి దణ్ణం పెట్టాడు. అర నిమిషంలో అయిపోయింది. తరవాత సీమోను వంతు.

"అందరూ కళ్ళు మూసుకోండి," అన్నాడు సీమోను.

సీమోను ప్రార్థనంటే ఆషామాషీ వ్యవహారం కాదు. నోవహు ఓడ దగ్గర మొదలెట్టి, ఇంజను, పెట్రోలు, మేనత్త కీళ్ళనొప్పులు, ఫేక్టరీ మేనేజరు మారుమనసు, అన్నీ వరసగా దాటుకుని రావాలి. తవిటమ్మ గంపలోంచి పొత్రం తీసి పిల్లని గంపలో కూర్చోబెట్టింది. మేనత్త కీళ్ళ దగ్గరకొచ్చేసరికి పొత్రం వెనక సీటు వెనకాల, తోక గూట్లో ఉంది. మేనేజరు మారుమనసుకల్లా, దొర్లొచ్చి మొగుడి నడుముకి తగులుతుందేమోనని పాత చీరపేలికతో బిగించి కట్టేసింది కూడా. "ఆమేన్" అందరికంటే గట్టిగా తనే అంది.

సీమోను ముందు సీటెక్కాడు. అప్పలసూరి విమానం ముక్కున ఉన్న పంకా గిరగిరా తిప్పి, ఇంజను అందుకోగానే పరిగెత్తుకెళ్ళి సద్ది మూటతో సహా వెనక సీట్లో పడ్డాడు.

"జాగర్తగా ఎల్లిరా మావా!" అంది తవిటమ్మ, ఎన్నడూ లేనంత ప్రేమగా. మధ్యాహ్నం మొగుడికి ఏం కూర వండాలో ఆలోచిస్తూ పిల్లని గంపలోంచి ఎత్తుకుంది.

విమానం దడదడమంటూ పరిగెత్తింది. రెండుసార్లు ముక్కు దున్నిన చోటు రానే వచ్చింది. తోక లేవాలి.

తోక లేవలేదు. ముక్కు లేచింది. చక్రాలకీ నేలకీ మధ్య జానెడు సందు, తరవాత మనిషెత్తు సందు.

తవిటమ్మకి కావిడి గుర్తొచ్చింది. ఆమె తండ్రి కావిడి మోసిన మనిషి. ముందు కుండ ఒక్కటే తగిలిస్తే కావిడి ముందుకే తలకిందులవుతుంది; వెనక్కూడా తగిలిస్తేనే నిలబడుతుంది. ముందు కుండ జీపు ఇంజను. వెనక కుండ ఇన్నాళ్ళూ లేదు. ఇవాళ తన చేతులతో తనే తగిలించింది.

ఎదర తాటితోపు. పైన 'పద్ధతి' మొదలైంది. ముందు అప్పలసూరి ఎడమ చెప్పు వచ్చి మళ్ళో పడింది. తరవాత కుడిది. ఆపైన సద్ది మూట పడి మడంతా మెతుకులైంది. విమానం తాటిమట్టలు రాసుకుంటూ తోపు దాటింది. ఎండలో మెరుస్తున్న గుండు, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు, వెనక్కి తిరిగి తోక గూట్లోకి వంగింది.

"ఒగ్గీ మావా! దాన్ని ముట్టుకోకు!" పిల్లని చంకనేసుకుని తవిటమ్మ మళ్ళకడ్డంపడి పరిగెత్తింది. ఇంజను మోతలో ఎవడికి వినిపిస్తుంది?

అయ్యా, విజయనగరం నుంచి విశాఖపట్నం దాకా ఉన్నవాళ్ళు ఒక్కసారి బయటికొచ్చి తలెత్తి చూడండి. గుండు మనిషి ఇంకా పైనే ఉన్నాడా? ఉంటే, ఆ పొత్రం కట్టు విప్పొద్దని తవిటమ్మ చెప్పిందని ఒక్క కేక వెయ్యండి.