అక్క అందించిన మాట

ఫోన్ ఇంటర్వ్యూలో "హలో" అంటూ తమ్ముడు స్పీకర్ ఆన్ చేశాడు. అవతల నుంచి ఫ్యాక్టరీ ఇంజనీరు ప్రశ్న వేశాడు. "బాయిలర్ మండుతుండగా లోపల నీళ్లు బాగా తగ్గిపోయాయి. ముందేం చేస్తారు?"

"మ... మ..."

నత్తి వల్ల ఇప్పటికే మూడు ఉద్యోగాలు చేజారాయి. చిన్నప్పటి నుంచీ వాడి మాటలు పూర్తిచేసే అక్క ఉండబట్టలేకపోయింది.

"వెంటనే నీళ్లు పోస్తానని చెప్పరా!" అని గుసగుసలాడింది.

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఫోను లాక్కోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సార్, నా... నాకు నత్తి. జవాబు తెలుసు. కా... కాస్త ఆగండి."

"తొందరేం లేదు. చెప్పండి."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మం... మంట ఆపేస్తాను. అంత వేడి మీద నీళ్లు పో... పోస్తే పేలిపోతుంది సార్."

"ఇవాళ నలుగురిని అడిగాను. నలుగురూ నీళ్లే పోస్తామన్నారు," అంటూ ఇంజనీరు నవ్వాడు. "సోమవారం వచ్చి చేరిపోండి."

ఫోను పెట్టేశాక అక్క వాడివైపు చూసింది. ఇన్నేళ్లుగా తను అందించిన మాటల్లో వాడు అనాలనుకున్నవి ఎన్నో, కానివెన్నో!

"అక్కా, నే... నే..."

తన నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, కుర్చీ వాడికి దగ్గరగా జరుపుకుని, వాడే మాట పూర్తిచేసేదాకా ఆమె ఆగింది.