పది కార్డులు

"పది దాడి కార్డులు తీసెయ్యక్కా," అంది షాహనా.

వనజాక్షి తన నలభై కార్డులనూ రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "తియ్యను. అవి తీసేస్తే ఇంక దేంతో కొట్టేది?"

నెల్లూరులో ఒక స్టేషనరీ షాపు మేడమీది హాలు అది. కార్డు గేమ్ పోటీ మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. గెలిచిన ఒక్కరికే హైదరాబాద్‌లో జరిగే రాష్ట్రాల పోటీకి చోటు. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే వనజాక్షి ఈ ఆదివారం కోసం షిఫ్టు మార్పించుకుని వచ్చింది. ఇంతకుముందు మూడు పోటీల్లోనూ ఆమె మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. పక్కింటి షాహనా చీరల మీద మగ్గం పని చేస్తుంది. పోయినేడు గెలిచింది ఆమే.

"ఐదో టర్న్ వచ్చేసరికి నీ చెయ్యి ఖాళీ అక్కా. ఆ తర్వాత టర్న్‌కి ఒక్క కార్డే చేతికొచ్చేది. ఎదుటోళ్ళు తేరుకునేది అప్పుడే."

"ఆలోపల వాళ్ళ ఇరవై పాయింట్లలో పదహారో పదిహేడో కొట్టేస్తుండా గదా."

"కొడతావు. మిగిలిన మూడో నాలుగో ఎవరు కొట్టాల?"

పోయినసారి పోటీలో ఎదురుగా ఆడిన సంజీవరావుకి రెండే పాయింట్లు మిగిలి ఉండగా వనజాక్షి చేతిలో ఒక్క కార్డు కూడా లేకపోయింది.

షాహనా తన డబ్బాలోంచి పది డ్రా కార్డులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి వేస్తే ఆ టర్న్‌లో దాడి ఉండదు, బదులుగా రెండు కొత్త కార్డులు చేతికొస్తాయి.

"కొట్టకుండా ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు మే."

"ఈ ఒక్కరోజు నా మాట విను."

పోటీ నడిపే సుశీల్ కుమార్ డెక్ లిస్టుల కోసం బల్లల మధ్య తిరుగుతున్నాడు. లిస్టు ఇచ్చాక ఆరోజంతా ఒక్క కార్డు కూడా మార్చకూడదు. వనజాక్షి పది దాడి కార్డులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. ఎనిమిదోది ఒకసారి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టేసింది.

మొదటి రౌండులో ఎదురుగా కూర్చున్నది సంజీవరావే. ముత్తుకూరు వైపు థర్మల్ ప్లాంటులో ఇంజనీరు, ఓపిక గల మనిషి. ఐదో టర్న్‌కి ఆయన అలవాటుగా కుర్చీలో వెనక్కి వాలాడు. వనజాక్షి చేతిలో ఇంకా నాలుగు కార్డులున్నాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. ఎనిమిదో టర్న్‌లో ఆయన పాయింట్లు అయిపోయాయి.

"మారినావమ్మా," అన్నాడు లేస్తూ.

రెండో రౌండూ ఆమెదే. సెమీఫైనల్ కూడా. మధ్యాహ్నం పొట్లంలో తెచ్చుకున్న పులిహోర సగం కూడా తినలేకపోయింది. "ఇన్ని రోజులు ఈ సంగతి తెలవకపాయె," అని షాహనాతో నాలుగుసార్లు అంది. షాహనా కూడా అన్నీ గెలుచుకుంటూ వచ్చింది.

ఫైనల్లో వాళ్ళిద్దరే మిగిలారు. హాల్లో ఉన్నవాళ్ళందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

షాహనాది నెమ్మదైన ఆట. ఆమె అడ్డుగోడ కార్డులు నాలుగైనా నిలబడితే తప్ప ఆమెకు బలం రాదు. మొదటి రెండు టర్న్‌లూ వనజాక్షి గట్టిగా కొట్టింది. మూడోసారి చేతికి డ్రా కార్డు వచ్చింది. వేసి కూర్చుంది. షాహనా ఒక గోడ నిలబెట్టింది. వనజాక్షి మళ్ళీ కొట్టింది, మళ్ళీ కూర్చుంది. ఇంకో గోడ లేచింది. తొమ్మిదో టర్న్‌కి వనజాక్షి చేతినిండా కార్డులున్నాయి, కొట్టడానికి సందు లేదు. పన్నెండో టర్న్‌లో సుశీల్ కుమార్ షాహనా పేరు చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వనజాక్షి కూడా కొట్టింది.

జనం పల్చబడ్డాక ఆమె డ్రా కార్డులు పదీ ఏరి షాహనా ముందు పెట్టింది. ఆమె ముఖంలో బాధేమీ లేదు.

"ఫైనల్ దాకా వచ్చినానంటే నీ పుణ్యమే మే. ఇంట్లో నీతో ఎప్పుడు ఆడినా ఐదో టర్న్ లోపలే గెలిచేదాన్ని. నాకు ధైర్యం రావాలని నువ్వు కావాలనే ఓడిపోయేదానివని తెలుసులే. ఈరోజు అట్ట చెయ్యలేదు, అదే బాగుండాది."

షాహనా కార్డులు డబ్బాలో సర్దుకుని మూత పెట్టింది.

"ఇంట్లో నేను ఒక్కసారి కూడా కావాలని ఓడిపోలేదక్కా."