ఉల్లంకి పిట్ట గవ్వలు

సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టిన ప్రతి గుంత మీదా ఉల్లంకి పిట్ట ఒక గవ్వ పెట్టేది. గేదెలు గవ్వ చూసి పక్కకు తప్పుకునేవి. నక్క కూడా చూసింది. వాసన పట్టే శ్రమైనా లేకుండా రెండు గుంతలు తవ్వి గుడ్లు తినేసింది.

"ఒసే పిట్టా, నీ గవ్వలే నా కొంప ముంచాయి. తీసెయ్!" అని తాబేలు ఏడ్చింది.

"తీస్తే గేదెలు తొక్కుతాయి అక్కా," అంది పిట్ట. కాళ్లీడ్చుకుంటూ ఒడ్డంతా గవ్వలు పరిచింది.

నక్క ఎక్కడ తవ్వినా ఒట్టి ఇసుకే. విసిగి వెళ్లిపోయింది.

"ఇంతకీ గుడ్లు ఏ గవ్వల కింద ఉన్నాయి?" గేదె విసుక్కుంది.

"మోసీ మోసీ నాకే గుర్తులేదు. అన్నిటి కిందా ఉన్నాయనుకునే నడవండి," అంది పిట్ట.