పదిహేడు లైన్లు

రెండు వందల తొమ్మిది దాకా బుద్ధిగా దిగాయి. రెండు వందల పదోదాని దగ్గర ఇన్‌స్టాలేషన్ మొరాయించింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

డయాలసిస్ సెంటర్లో ఆమె కంప్యూటర్ ఉద్యోగానికి ఇవాళ్టికి మూడు వారాలు. నిన్న సాయంత్రం పాత కంప్యూటర్ ప్రాణం వదిలింది. రోగుల వివరాలు డిస్కులో భద్రంగానే ఉన్నాయి. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో, ఎవరికి ఏ మందు పడదో అన్నీ అందులోనే. వాటిని తెరిచి చూపించే ప్రోగ్రామే కొత్త కంప్యూటర్లోకి ఎక్కనంటోంది. అది నిలబడాలంటే కింద పునాదిలా ఓ ఫ్రేమ్‌వర్క్ కావాలి. ఆ ఫ్రేమ్‌వర్క్ ఒంటరిగా వచ్చే రకం కాదు. పెళ్ళివారిలా రెండు వందల పదకొండు చిన్న ప్రోగ్రాముల్ని వెంటేసుకుని వస్తుంది. వాటిలో ఒక్కటి అలిగినా అంతా ఆగిపోతారు.

బయట బెంచీల మీద పద్నాలుగు మంది. వాళ్ళలో ఒకాయన, రిటైరైన బస్సు డ్రైవరు, ఆయాసపడుతూ తలుపులోంచి తొంగి చూశాడు.

"అమ్మాయ్, బండి స్టార్టయిందా?"

"ఇంకాసేపు బాబాయ్."

"తోయమంటే తోస్తాం. ఊపిరే అందట్లేదు," అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఉబ్బిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

హెడ్ నర్సు వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"పక్క ఆసుపత్రిలో బెడ్లు లేవట. ప్రోగ్రాము అమ్మిన కంపెనీ వాళ్ళు ఫోనెత్తడం లేదు. అసలేమొచ్చిందమ్మా దీనికి?"

"ఒక చిన్న ప్రోగ్రాము దొరకడం లేదు సిస్టర్. తారీకులు సరిచూసేది. పదిహేడే లైన్లు. రాసిన మనిషి ఇంటర్నెట్లోంచి తీసేశారు."

"ఎందుకట?"

ఆమె తెర వైపు చూడకుండానే చెప్పింది. "'మూడేళ్ళు ఊరికే వాడుకున్నారు. తప్పులు పట్టారే గానీ ఒక్కరూ థాంక్స్ చెప్పలేదు. ఇక మీ చావు మీరు చావండి' అని రాసి పెట్టారు. కింద పేరు గండుచీమ."

"చావమన్నాడా!" నర్సు బెంచీల వైపు చూసింది. "వాడి చేతులు పడిపోను!"

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పదిహేడు లైన్లేగా, నువ్వే రాసెయ్యరాదూ?"

"రాశాను. అచ్చం అదే కాకపోతే ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు. ఒక్క చుక్క తేడా ఉన్నా తిప్పికొడుతోంది."

"పోనీ, తీసేసింది మళ్ళీ పెట్టించలేమా?"

"ఆ మనిషే తన పాస్‌వర్డుతో వచ్చి పెట్టాలి. ఇంకెవరి వల్లా కాదు."

"అయితే మెయిల్ కొట్టు. కాళ్ళు పట్టుకో. చీమైతేనేం, దోమైతేనేం, మన అవసరం."

"ఆ మెయిల్ కాలేజీ వాళ్ళిచ్చింది సిస్టర్. చదువైపోగానే మూసేస్తారు."

నర్సు ఉసూరుమంది. కుర్చీలో ఆమెకు ఏడుపొస్తోంది. ఏ దారీ తోచడం లేదు. ఊరికే కూర్చోలేక ఇన్‌స్టాలేషన్ మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... రెండు వందల తొమ్మిది. ఎర్ర అక్షరాలు.

బయట ఏదో పడిన చప్పుడు. డ్రైవరు బెంచీ మీంచి పక్కకు ఒరిగిపోయాడు. చెప్పొకటి గోడ దాకా వెళ్ళి పడింది.

"ఆక్సిజన్ తీసుకురండి!" నర్సు పరుగెత్తింది. ఆయన తల ఒళ్ళోకి తీసుకుంటూ అక్కణ్ణుంచే అరిచింది. "ఆ గండుచీమ ఎవడోగానీ, ఒక్కసారి వచ్చి ఈయన్ని చూడమను!"

తెర ముందు గండుచీమ కళ్ళు తుడుచుకుని, తన పాత పాస్‌వర్డుని గుర్తున్నంతలో పదమూడోసారి కొట్టి చూసింది.