అమ్మ నంబరు

"అమ్మకి ఫోన్ చెయ్."

మాట నోరు దాటాక ఆమె నాలుక కరుచుకుంది. సారె మీద పూలకుండీ అంచు చక్కగా తేలిన సంతోషంలో పాత అలవాటు కొద్దీ అనేసింది. మోచేతుల దాకా బంకమట్టి. అలాంటప్పుడు అల్మరాలోని, చెప్పిన మాట వినే స్పీకరుకు చెప్పడమే, ఎదురింట్లో అమ్మ పలకడమే. అమ్మ పోయాక ఆమె సారె ముందు కూర్చోవడం ఇదే మొదలు.

వద్దని చెప్పేలోపే రింగు వెళ్ళింది. ఎవరో ఎత్తారు.

"చెప్పు తల్లీ!"

పిన్ని గొంతు. ఎదురింట్లో అమ్మతో పాటే ఉండేది.

"నువ్వెలా ఎత్తావు? నేను చేసింది అమ్మకి!"

"ఏమో, నాకు మోగింది, ఎత్తాను. ఒంట్లో బాలేదా? ఉండు, వస్తున్నా."

పిన్ని రోడ్డు దాటి వచ్చేసరికి ఆమె మట్టి చేతులతోనే గుమ్మంలో నిలబడి ఉంది. పిన్ని భుజాల మీద అమ్మ ఊదారంగు శాలువా. చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి జరిపావు, ఊరుకున్నాను. శాలువా కప్పుకున్నావు, ఊరుకున్నాను. ఇప్పుడు అమ్మ పేరు మీద నీ నంబరు ఎక్కించుకుంటావా? ఇంకేం మిగిల్చావు పిన్నీ?"

"నేనా? ఆ డబ్బాతో మాట్లాడాలంటేనే నాకు సిగ్గు. లైటు వెయ్యమనడానికి కూడా మీ ఆయన్ని పిలుస్తాను."

"నటించకు. జబ్బు ముదిరాక అమ్మని ఈ గదికే తెచ్చుకున్నాను. నేను బజారుకెళ్తే పక్కన కూర్చున్నది నువ్వే. ఈ ఇంటి తాళంచెవి ఉన్నదీ నీ దగ్గరే. అమ్మ ఉండగా మార్చావో, పోయాక మార్చావో! అంత తొందరేం వచ్చింది నీకు?"

సగం గీసిన గడ్డంతో, చెంప మీద నురగతో భర్త బయటికి వచ్చాడు.

"వీధంతా వినపడుతోంది. ఏమైంది?"

"ఈవిడకి ఇది నేర్పింది మీరేనా?"

"నన్నెందుకు లాగుతావు? ఎవరేం చెప్పినా ఆ స్పీకరు రికార్డు చేసి దాచిపెడుతుంది. నా ఫోన్‌లో వినొచ్చు."

"వద్దులే నాయనా." పిన్ని శాలువా తీసి మడతపెట్టింది. "పిల్లకి నా మీద నమ్మకం పోయాక ఏం వింటే ఏం లాభం?"

శాలువాను కుర్చీలో ఉంచి, దాని మీద తాళంచెవి పెట్టింది.

"ఆగు పిన్నీ, విని వెళ్ళు. లేనిపోనిది అంటగట్టానని రేపు అనకూడదు."

భర్త వేలు ఫోన్ మీద చాలాసేపు కదిలింది.

"ఇదిగో, నంబరు మార్చినప్పటిది. వినిపించనా?"

"గట్టిగా పెట్టండి. ఆవిడ మొహం చూస్తూ వింటాను."

పిన్ని మొహం దించుకుంది. ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. తరవాత నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ ఒక గొంతు.

"ఇక మీదట... 'అమ్మకి ఫోన్ చెయ్' అంటే... పిన్ని నంబరుకి చెయ్యాలి."

ఆ గొంతు అమ్మది.